ఏళ్లుగా మేం వాడుతున్న పేరు మీద వేరేవాళ్లు ట్రేడ్‌మార్క్ వేశారు, ఇప్పుడు మా సరుకే తీసేశారు

#1 కాగితంపడవ
నేనూ మా అక్కా చేత్తో కుట్టిన నోటు పుస్తకాలు, డైరీలు అమ్ముతాం. 2018 నుంచి ఒకటే పేరు. మొన్న మేం అమ్ముకునే ఆన్‌లైన్ సైటు నుంచి మెయిల్ వచ్చింది. ఈ బ్రాండు మీద తమకు హక్కుందని ఎవరో ఫిర్యాదు చేశారట, అందుకని మా సరుకంతా సైటు నుంచి తీసేశారట. ఎవరా అని చూస్తే పోయినేడాది మొదలెట్టిన కంపెనీ. వాళ్లవీ నోటు పుస్తకాలే. అట్ట మీద పేరు పక్కన వలయంలో ఆర్ గుర్తు కూడా ఉంది. ఫోన్ చేస్తే "మేం రిజిస్టర్ చేయించుకున్నాం, మీరే పేరు మార్చుకోండి" అని పెట్టేశారు.

ముందు పెట్టుకుంది మేం. మళ్లీ కొనేవాళ్లంతా ఆ పేరు కొట్టే మా దగ్గరకు వస్తారు. అసలు మేమెందుకు మార్చుకోవాలి? పేరు ఇక్కడ చెప్పను, వాళ్లూ చదువుతుండొచ్చు. "పేరు మార్చుకోండి" తప్ప వేరే సలహా ఉంటే చెప్పండి.

#2 మూడోబెంచి
పేరు మార్చుకోండి.

#3 కాగితంపడవ
చాలా థాంక్స్ అండీ.

#4 లెక్కలపద్దు
మీ సంస్థ కంపెనీగా రిజిస్టర్ అయి ఉందా? అయితే భయం లేదు. ఒకసారి ఆ పేరుతో కంపెనీ నమోదైతే ఇంకెవరికీ ఇవ్వరు. ఆ సర్టిఫికెట్ సైటువాళ్లకు పంపండి, సరిపోతుంది.

#5 చుక్కలగీత
పద్దు గారి సలహాతో వెళ్తే సైటువాళ్లు ఆ సర్టిఫికెట్ చూసి పక్కన పడేస్తారు. కంపెనీల రిజిస్టర్ వేరు, ట్రేడ్‌మార్క్ రిజిస్టర్ వేరు. కంపెనీల దగ్గర చూసేది ప్రధానంగా అలాంటి పేరుతో ఇంకో కంపెనీ ఉందా లేదా అన్నదే. ఆ పేరును సరుకు మీద వేసి అమ్ముకునే హక్కు దాంతో రాదు. వెబ్‌సైట్ పేరు కొనుక్కున్నా అంతే, ఆ చిరునామా మీది అవుతుంది కానీ బ్రాండు మీది అయిపోదు.

నేను ఈ పనిలోనే ఉన్నాను, కానీ మీ వకీలును కాను. మీ కాగితాలు చూడకుండా పూర్తిగా చెప్పలేను.

కాగితంపడవ గారూ, ముందు ఒక పని చేయండి. వాళ్లు ఫోన్లో చెప్పిన మాట పక్కన పెట్టి, మీ దేశపు ట్రేడ్‌మార్క్ రిజిస్టర్‌లో ఆ పేరు మీరే వెతకండి. దాదాపు అన్ని దేశాలూ దీన్ని ఉచితంగా ఆన్‌లైన్లో పెట్టాయి. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ వాళ్ల గ్లోబల్ బ్రాండ్ డేటాబేస్‌లో చాలా దేశాలవి ఒకేచోట దొరుకుతాయి. చూడాల్సింది దరఖాస్తు తేదీ, ఏ క్లాస్ (సరుకుల తరగతి) కింద వేశారు, ఎప్పటి నుంచి వాడుతున్నామని రాశారు, అన్నిటికంటే ముఖ్యంగా ఇప్పుడు ఏ దశలో ఉంది. దరఖాస్తు పెట్టినవాళ్లంతా "రిజిస్టర్ అయింది" అనే చెబుతారు. రెండింటికీ మధ్య చాలా దూరం ఉంటుంది.

#6 లెక్కలపద్దు
చుక్కలగీత గారూ, మరి నా క్లయింట్లకు "ఈ పేరు ఇవ్వం, ఇంకోటి పెట్టుకోండి" అని వెనక్కి పంపుతారు కదా, అదేంటి?

#7 చుక్కలగీత
అది కంపెనీ పేరు వరకే. కొన్ని దేశాల్లో పేరిచ్చే ముందు ట్రేడ్‌మార్కులు కూడా చూస్తారు. అలా చూసినా, కంపెనీ పేరు దొరికినంత మాత్రాన ట్రేడ్‌మార్క్ దొరికినట్టు కాదు. రిజిస్టర్ అయిన మార్కు ఉన్నవాళ్లు వచ్చి కంపెనీ పేరు మార్పించిన కేసులు బోలెడు.

#8 సబ్బుబిళ్ల
మాది సబ్బుల తయారీ. దరఖాస్తు పెడితే, పేరు సరుకు గుణాన్నే చెబుతోందని తిప్పికొట్టారు. "స్వచ్ఛ" అనే మాటతో మొదలయ్యే పేరు. నా బ్రాండు నాకే ఇవ్వకపోవడం ఏం న్యాయం అనిపించింది. ఇంతకీ ఈ కాగితంపడవ గారి పేరు ఎలాంటిదో? "మంచి పుస్తకం" లాంటిదైతే వాళ్లకీ రాదు, వీళ్లకీ రాదు.

#9 మూడోబెంచి
#8 అదృష్టం బాగుండి "సబ్బు" అని పెట్టలేదు.

#10 దారపుఉండ
సబ్బుబిళ్ల గారూ, అది న్యాయమే. "స్వచ్ఛ" మీ ఒక్కరికే ఇచ్చేస్తే మిగతా సబ్బులవాళ్లు తమ సబ్బు గురించి ఏం చెప్పుకోవాలి? సరుకుతో సంబంధం లేని మాటో, అసలు భాషలోనే లేని మాటో అయితే గట్టిగా నిలబడుతుంది. కెమెరాల కొడాక్ అలాంటిదే, ఏ భాషలోనూ లేని మాటను జార్జ్ ఈస్ట్‌మన్ కల్పించి 1888లో రిజిస్టర్ చేయించుకున్నాడు. కంప్యూటర్లకు యాపిల్ కూడా అంతే, ఆ పండుకూ కంప్యూటర్‌కూ ఏం సంబంధం?

#11 సబ్బుబిళ్ల
వినడానికి బాగానే ఉంది. కానీ అర్థంలేని పేరు పెడితే జనానికి అది సబ్బని తెలియడానికే ఏళ్లు పడుతుంది. ప్రచారానికి డబ్బున్న కొడాక్‌కు చెల్లుతుంది అది. మాలాంటి వాళ్లకు పేరు చూడగానే సరుకు తెలియాలి.

#12 చుక్కలగీత
#11లో మీ ఇబ్బంది నిజమే. ప్రతి చిన్న వ్యాపారి దగ్గరా ఇదే పేచీ వింటాను. అమ్మకానికి సుళువైన పేరు రిజిస్ట్రేషన్‌కు కష్టం. మధ్యస్తంగా ఒక రకం ఉంది, సరుకును నేరుగా చెప్పకుండా దాని ఊహ మాత్రం కలిగించే పేరు. సాధారణంగా అవి నిలుస్తాయి. ఇక గుణం చెప్పే మాటే అయినా ఏళ్ల తరబడి వాడి, జనం ఆ మాట వినగానే మిమ్మల్నే తలుచుకునేంతగా పాతుకుపోతే అప్పుడు ఇస్తారు. దానికి అమ్మకాల లెక్కలు, ప్రకటనల ఖర్చులు, అన్నీ చూపించాలి.

#13 కాగితంపడవ
వెతికాను! మా పేరు కల్పించుకున్న మాటే, అర్థమేమీ లేదు, కాబట్టి #8 భయం లేదనుకుంటా. వాళ్ల దరఖాస్తు పోయినేడాదిదే. క్లాస్ 16, క్లాస్ 18. "వాడుక" దగ్గర ఇకపై వాడబోతున్నాం అని ఉంది. దశ దగ్గర "ప్రకటించబడింది, అభ్యంతరాలకు గడువు నడుస్తోంది" అన్నట్టు ఉంది. అంటే ఏంటి? రిజిస్టర్ అయినట్టా కానట్టా?

#14 చుక్కలగీత
కానట్టు!! చాలా మంచి వార్త అండీ ఇది.

పరీక్షాధికారి చూసి సరేనన్నాక ట్రేడ్‌మార్క్ కార్యాలయం వాళ్ల జర్నల్‌లో ప్రకటిస్తారు. ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పుకోమని గడువిస్తారు. దీన్నే అపోజిషన్ అంటాం. అమెరికాలో 30 రోజులు, బ్రిటన్‌లో 2 నెలలు, యూరోపియన్ యూనియన్‌లో 3 నెలలు, భారతదేశంలో 4 నెలలు. కొన్నిచోట్ల పొడిగింపు దొరుకుతుంది, కొన్నిచోట్ల దొరకదు. ఆ గడువు దాటితే మార్కు వాళ్ల పేరున రిజిస్టర్ అయిపోతుంది. అప్పుడు రద్దు కోసం వేరే కేసు వేసుకోవాలి. ఖర్చు, కాలం రెండూ ఎక్కువ.

ప్రకటన తేదీ చూసి గడువు లెక్కపెట్టండి. ఈరోజే. ఈ చర్చ తర్వాత చదువుకోవచ్చు.

#15 రాత్రిపాళీ
రిజిస్టర్ కాకుండానే వలయంలో ఆర్ వేసేశారా? చాలా దేశాల్లో అది నేరం. టీఎమ్ గుర్తు అయితే ఎవరైనా వేసుకోవచ్చు. వాళ్ల అట్ట ఫొటో తీసి పెట్టుకోండి, తేదీతో సహా.

#16 మూడోబెంచి
నేను మా స్కూటర్ మీద ఆ గుర్తు వేశాను. ఎవరూ అడగలేదు.

#17 ఎర్రజెండా
ఇదంతా చదువుతుంటే నవ్వొస్తోంది. అభ్యంతరాలు, అఫిడవిట్లు, హియరింగులు. చివరికి వకీలును ఎక్కువ కాలం పోషించగలిగినవాడిదే పేరు. ఈ చట్టాలన్నీ పెద్ద కంపెనీల కోసం రాసుకున్నవి. కాగితంపడవ గారూ, మూడోబెంచి మొదట్లో సరదాకన్నా సరైన మాటే అన్నాడు. ఆ డబ్బు కొత్త పేరు ప్రచారానికి పెట్టండి.

#18 దారపుఉండ
టొయోటా చిన్న కంపెనీ అంటారా? వాళ్ల కారు పేరైన ప్రియస్‌ను భారతదేశంలో ఒక విడిభాగాల కంపెనీ ముందే రిజిస్టర్ చేయించుకుని వాడుకుంటోంది. టొయోటా కోర్టుకెక్కింది. 2017లో సుప్రీంకోర్టు ఆ విడిభాగాల కంపెనీకే అనుకూలంగా చెప్పింది. ప్రపంచంలో ఎంత పేరున్నా, ఆ నాటికి ఈ దేశంలో జనానికి తెలుసని టొయోటా చూపించలేకపోయింది.

#19 ఎర్రజెండా
ఒక్క కేసు పట్టుకుని చట్టమంతా చిన్నవాళ్ల పక్షమనకండి. దానికెన్నేళ్లు పట్టిందో కూడా రాయండి.

#20 దారపుఉండ
ఏళ్లు పట్టింది, కాదనను. ఇంకోటి కూడా ఉంది. ఐర్లండ్‌లోని సూపర్‌మ్యాక్స్ అనే ఫాస్ట్‌ఫుడ్ కంపెనీ అడిగితే యూరోపియన్ యూనియన్ ట్రేడ్‌మార్క్ కార్యాలయం 2019లో మెక్‌డొనాల్డ్స్‌వాళ్ల "బిగ్ మ్యాక్" బర్గర్ మార్కునే రద్దు చేసింది. వాడుకకు వాళ్లిచ్చిన రుజువులు చాలలేదంది. తర్వాత అప్పీళ్లలో కొంత తిరిగి వచ్చింది, 2024లో జనరల్ కోర్టు మళ్లీ కొంత కోసేసింది. అంత ప్రపంచ ప్రసిద్ధ పేరుకే బిల్లు చూపించమంటే తడబడ్డారు. అందుకే అంటున్నా, ఎవరు పెద్ద అనేదానికంటే ఎవరి దగ్గర కాగితం ఉంది అనేది ముఖ్యం.

#21 ఎర్రజెండా
కాగితం దాచిపెట్టుకునే గుమాస్తాలుండేది పెద్ద కంపెనీలకే కదా. మళ్లీ నా మాటకే వచ్చారు.

#22 కాగితంపడవ
గడువు ఇంకా ఉంది. కానీ నెల కూడా లేదు. టెన్షన్‌గా ఉంది. ఒక వకీలు గారితో మాట్లాడాం, కాగితాలన్నీ తెమ్మన్నారు. ఏం తీసుకెళ్లాలి? 2018, 2019 బిల్లుల మీద మా అక్క పేరు తప్ప బ్రాండు పేరే లేదు. 2020 నుంచి ఉంది.

#23 చుక్కలగీత
మీ దేశం ఏదో రాయలేదు కాబట్టి రెండు రకాలూ చెబుతాను. భారతదేశం, బ్రిటన్, అమెరికా లాంటి చోట్ల ముందు నుంచి వాడుతున్నవాళ్లకు, రిజిస్ట్రేషన్ లేకపోయినా, చెప్పుకోదగ్గ హక్కుంటుంది. చైనా లాంటి చోట ప్రధానంగా ముందు దరఖాస్తు పెట్టినవాళ్లదే రాజ్యం. అక్కడ పాత వాడుక పెద్దగా కాపాడదు.

మొదటి రకం దేశమైతే మీరు చూపించాల్సింది ఒకటే. వాళ్ల దరఖాస్తు కంటే, వాళ్ల వాడుక కంటే ముందు నుంచి, ఆపకుండా, ఆ పేరుతో, ఆ సరుకే అమ్మారని. వాళ్లే "ఇకపై వాడబోతున్నాం" అని రాసుకున్నారు కనుక పోయినేడాదికి ముందువేవైనా మీకు పనికొస్తాయి. 2020 బిల్లులున్నా చాలు. 2018 దాకా వెళ్లగలిగితే ఇంకా బలం.

బిల్లు మీద పేరు లేకపోతే దాని చుట్టూ ఉన్నవి వెతకండి. అట్టలు, లేబుళ్లు అచ్చు వేయించిన ప్రెస్సు బిల్లు ఉందా? అందులో "ఫలానా పేరుతో లేబుళ్లు" అని ఉంటే బంగారమే. వెబ్‌సైట్ పేరు కొన్న రసీదు. సోషల్ మీడియాలో పాత పోస్టులు, వాటి కింద కొన్నవాళ్ల వ్యాఖ్యలు. సైటులో పాత సమీక్షలు. ఇంటర్నెట్ ఆర్కైవ్ వాళ్ల వేబ్యాక్ మెషీన్‌లో మీ వెబ్‌సైట్ పాత రూపం దొరకొచ్చు. అప్పట్లో కొన్నవాళ్లకు పంపిన మెయిళ్లు. స్క్రీన్‌షాట్ తీస్తే తేదీ, వెబ్ చిరునామా రెండూ కనిపించాలి. ఉత్త ఫొటోకు పెద్ద విలువ ఉండదు.

ఇంకోమాట. పాత బిల్లు మీద ఇప్పుడు పేరు చేర్చి మళ్లీ ప్రింట్ తీయమని ఎవరైనా సలహా ఇస్తే వాళ్లను ఇంట్లోకి రానివ్వకండి. ఒక్కటి దొరికితే మిగతా అసలు కాగితాలను కూడా ఎవరూ నమ్మరు.

#24 రాత్రిపాళీ
మీ సరుకు తీసేసిన మెయిల్ కూడా దాచండి. సైటువాళ్లకు వేరేగా రాయండి, ఆ మార్కు ఇంకా రిజిస్టర్ కాలేదు, మేం అభ్యంతరం వేస్తున్నాం అని దరఖాస్తు నంబరుతో సహా. కొన్ని సైట్లు బ్రాండు నమోదుకు దరఖాస్తు నంబరు ఉన్నా చాలంటాయి, అందుకే వాళ్లకు అంత తేలిగ్గా పనయింది. తీసేసేది కంప్యూటరే, తిరిగి పెట్టడానికి మాత్రం మనిషి కావాలి. అడుగుతూనే ఉండాలి.

#25 కాగితంపడవ
ముందు వాడినవాళ్లకు హక్కుండే దేశమే మాది, హమ్మయ్య. ప్రెస్సు ఆయనకు ఫోన్ చేశాం. పాత బిల్లు పుస్తకాలు అటక మీద ఉన్నాయట, ఆదివారం దింపిస్తానన్నారు. ఆయన మీద బెంగగా ఉంది, వయసు పెద్దది. అక్క నిచ్చెన తీసుకుని తనే వెళ్తానంటోంది.

#26 మూడోబెంచి
చట్టం సంగతి సరే, నిచ్చెన పట్టుకునేందుకు మనిషిని పెట్టండి.

#27 ఓడరేవు
ఈ గొడవలో మీ సొంత దరఖాస్తు మర్చిపోకండి. ఎవరూ చెప్పలేదేంటి? అభ్యంతరం వేసి గెలిస్తే వాళ్లది ఆగుతుంది, అంతే. అందువల్ల మీకు రిజిస్ట్రేషన్ రాదు. మీరూ వేయాలి, వెంటనే.

#28 చుక్కలగీత
#27 నిజం. రెండూ కలిపే నడపాలి. పైగా రేపు సైటువాళ్లు అడిగినప్పుడు మీకూ ఒక నంబరు ఉంటుంది.

#29 కాగితంపడవ
అందులోనే గొడవ ఇంట్లో. అక్క లోగో వేద్దామంటుంది, పడవ బొమ్మ తనే గీసింది. నేను ఉత్త పేరు అంటున్నా. ఏది?

#30 దారపుఉండ
పేరే. మామూలు అక్షరాల్లో. అప్పుడు ఏ రంగులో, ఏ రాతలో వేసినా రక్షణ ఉంటుంది. లోగోగా వేస్తే ఆ బొమ్మతో ఉన్న రూపానికే. నాలుగేళ్లకు లోగో మారుస్తారు, మళ్లీ మొదటికి.

#31 లెక్కలపద్దు
ఇందులో నేను ఒప్పుకోను. నా క్లయింట్ ఒకాయన పేరు కాస్త బలహీనమైనది, సబ్బుబిళ్ల గారి రకం. పేరుగా వేస్తే రాలేదు, బొమ్మతో కలిపి వేస్తే వచ్చింది. అందరికీ ఒకటే మందు చెప్పకండి.

#32 చుక్కలగీత
పద్దు గారు చెప్పింది జరుగుతుంది. కానీ అలా వచ్చినదాంతో ఆ మాట వాడిన మరొకరిని ఆపలేరు, బొమ్మతో కలిసిన మొత్తం రూపానికే బలం. కాగితంపడవ గారిది కల్పిత మాట, కనుక ముందు పేరు. డబ్బు వీలైతే తర్వాత బొమ్మ విడిగా. బొమ్మ అక్కే గీసిందన్నారు కాబట్టి ఒక చిక్కు తప్పింది. బయటివాళ్లతో గీయించుకుంటే, రాసి ఇస్తే తప్ప కాపీరైట్ చాలాచోట్ల గీసినవాళ్ల దగ్గరే ఉండిపోతుంది.

#33 పొత్తుకాపు
ఒకటి అడుగుతా, కోపగించుకోకండి. దరఖాస్తు ఎవరి పేరున వేస్తున్నారు? మేం ఇద్దరు స్నేహితులం కలిసి వ్యాపారం పెట్టాం. హడావిడిలో మార్కు అతని ఒక్కడి పేరున వేశాం. విడిపోయాక సరుకు సగం, అప్పు సగం, బ్రాండు మాత్రం మొత్తం అతనిది. కోర్టుకెళ్తే ఏమయ్యేదో, నేను వెళ్లలేదు. అక్కాచెల్లెళ్లు అన్నారు కదా అని చెబుతున్నా.

#34 కాగితంపడవ
పొత్తుకాపు గారూ, కోపమేం లేదు. నా పేరున వేద్దామని అక్కే అంది. ఇప్పుడు ఆలోచిస్తున్నాం.

#35 చుక్కలగీత
ఇద్దరి పేరునా ఉమ్మడిగా వేయొచ్చు, లేదా భాగస్వామ్య సంస్థ పేరున వేసి విడిపోతే బ్రాండు ఎవరికో ఒప్పందంలో రాసుకోవచ్చు. ఇద్దరిలో ఒకరి పేరున వేస్తే రెండోవాళ్లకు లైసెన్స్ కాగితమైనా ఉండాలి.

#36 ఓడరేవు
క్లాసుల సంగతి. సరుకులకు 34, సేవలకు 11, మొత్తం 45 తరగతులు. నీస్ వర్గీకరణ అంటారు, 1957 నాటి ఒప్పందం, ఇప్పుడు దాదాపు ప్రపంచమంతా అదే. నోటు పుస్తకాలు 16. అవతలివాళ్లు 18 కూడా వేశారంటే తోలు సంచుల వైపు వెళ్లే ఆలోచన ఉన్నట్టుంది. మీరు అమ్మనివీ, దగ్గరలో అమ్మే ఉద్దేశం లేనివీ అన్నీ కలిపి వేయకండి. ప్రతి క్లాసుకూ ఫీజు. పైగా వాడకపోతే రద్దు చేయించొచ్చు. బ్రిటన్‌లో, యూరప్‌లో 5 ఏళ్లు, చైనాలో 3 ఏళ్లు.

బయటి దేశాలకు పంపే ఆలోచన ఉంటే ఇంకొన్ని. ట్రేడ్‌మార్క్ ఏ దేశానికి ఆ దేశమే, ప్రపంచ రిజిస్ట్రేషన్ అనేది లేదు. సొంత దేశంలో వేసిన 6 నెలల లోపు మేధో సంపత్తి మీద కుదిరిన పారిస్ ఒప్పందంలో ఉన్న మరో దేశంలో వేస్తే మొదటి తేదీయే లెక్క. చాలా దేశాలకు ఒకే దరఖాస్తుతో వెళ్లాలంటే మాడ్రిడ్ పద్ధతి ఉంది, భారతదేశం 2013లో చేరింది. సౌకర్యమే కానీ ఒక మెలిక ఉంది. మొదటి 5 ఏళ్లలో సొంత దేశంలోని మార్కు పడిపోతే దాని మీద ఆధారపడ్డ మిగతావీ పడిపోతాయి. మీ పేరు మీద ఇప్పుడు తగవు ఉంది కనుక నేనైతే తేలేదాకా మాడ్రిడ్ జోలికి వెళ్లను. ముఖ్యమైన దేశం ఒకటో రెండో ఉంటే నేరుగా అక్కడే వేస్తాను.

#37 సబ్బుబిళ్ల
యాపిల్‌కే చైనాలో దెబ్బ తగిలింది కదా ఐప్యాడ్ పేరుతో?

#38 ఓడరేవు
అవును, అక్కడ ఆ పేరు ప్రోవ్యూ అనే కంపెనీ చేతిలో ఉంది. 2012లో 6 కోట్ల డాలర్లిచ్చి సర్దుబాటు చేసుకున్నారు. సరుకు అక్కడ తయారు చేయించేవాళ్లు కూడా ఇది గుర్తుపెట్టుకోవాలి. అమ్మకపోయినా, తయారీ అక్కడైతే మార్కు అక్కడ వేయడం మంచిది.

#39 మూడోబెంచి
మార్కు అంటే పేరూ బొమ్మా మాత్రమేనా? మా హాస్టల్ వాసన రిజిస్టర్ చేయిద్దామని ఉంది. కల్పించింది కాదు, సహజంగా వచ్చిందే.

#40 దారపుఉండ
నవ్వకండి, వాసనకూ ఇస్తారు. పిల్లలాడుకునే ప్లే-డో ముద్ద వాసనకు అమెరికాలో 2018లో ఇచ్చారు. సినిమా కంపెనీ ఎంజీఎం సింహం గర్జన, లూబూటాన్ బ్రాండు చెప్పుల ఎర్ర అడుగు, ఇవన్నీ మార్కులే. మీ హాస్టల్ వాసన మాత్రం అన్ని హాస్టళ్లలో ఒకటే, కాబట్టి రాదు.

#41 రాత్రిపాళీ
కాగితంపడవ గారూ, మీ దరఖాస్తు వేశాక ఒక జాగ్రత్త. మీ పేరు, చిరునామా అందరికీ కనిపిస్తాయి. అధికారికంగా కనిపించే లెటర్‌హెడ్ మీద "అంతర్జాతీయ రిజిస్టర్‌లో చేర్చుటకు వెంటనే చెల్లించండి" అని ఉత్తరాలొస్తాయి. అన్నీ మోసమే. ప్రపంచ మేధో సంపత్తి సంస్థ కూడా తన సైటులో వీటి గురించి హెచ్చరిక పెట్టింది. ఏ చెల్లింపైనా మీ వకీలును అడగందే చేయకండి.

#42 కాగితంపడవ
సంగతులు చెబుతా. అభ్యంతరం వేశాం, గడువులోపే. మా దరఖాస్తు కూడా వేశాం, ఉత్త పేరు, క్లాస్ 16, ఇద్దరి పేరునా. ప్రెస్సు ఆయన దగ్గర 2018 బిల్లు దొరికింది, "నోటు పుస్తకాల లేబుళ్లు" అని, పక్కన మా బ్రాండు పేరు ఆయన చేతిరాతతో. వకీలు గారు దాన్ని చూసి కుర్చీలో ముందుకు జరిగారు. సైటువాళ్లు మాత్రం సగం సరుకే తిరిగి పెట్టారు, మిగతా సగం ఎందుకు పెట్టలేదో వాళ్లకూ తెలియదు.

ఇప్పుడు కొత్త ముడి. అవతలివాళ్లు వాళ్ల వకీలుతో కబురు పెట్టారు. నోటు పుస్తకాలు మీరు ఉంచుకోండి, మేం సంచులు మాత్రమే చేస్తాం, ఇద్దరం అదే పేరు వాడుకుందాం, అభ్యంతరం వెనక్కి తీసుకోండి అని. అక్క సరేనంటోంది. నాకు మనసొప్పడం లేదు.

#43 ఎర్రజెండా
దిగొచ్చారంటే భయపడ్డారు. ఒప్పుకోకండి. మొత్తం లాగండి.

#44 పొత్తుకాపు
ఎర్రజెండా గారూ, పైన మీరే కదా డబ్బంతా వకీళ్లకు పోతుంది, పేరు మార్చుకోమన్నారు!

#45 ఎర్రజెండా
అప్పుడు ప్రెస్సు బిల్లు లేదు.

#46 చుక్కలగీత
సంచులకూ నోటు పుస్తకాలకూ కలిసి బతకడం అసాధ్యమేం కాదు. కానీ ఒప్పందం ఎలా రాశారన్నదాని మీదే అంతా ఉంది. బీటిల్స్ అనే సంగీత బృందంవాళ్ల యాపిల్ కార్ప్స్, కంప్యూటర్ల యాపిల్ 1981లో ఇలాగే రాసుకున్నాయి, సంగీతం కార్ప్స్‌ది, కంప్యూటర్లు రెండోవాళ్లవి అని. తర్వాత కంప్యూటర్లలోంచి సంగీతం వచ్చింది. మళ్లీ తగవు, 1991లో మళ్లీ ఒప్పందం. పాటలు ఆన్‌లైన్లో అమ్మడం మొదలయ్యాక మళ్లీ కోర్టు. 2007లో గానీ తేలలేదు. అప్పుడు పేరు హక్కులన్నీ కంప్యూటర్ యాపిల్‌కు పోయి, కార్ప్స్‌కు లైసెన్స్ మిగిలింది.

మీ విషయంలో ఆ గీత ఎక్కడ చెరిగిపోతుందో చూడండి. తోలు అట్టతో డైరీ ఎవరిది? సంచిలో పెట్టి అమ్మే నోటు పుస్తకం ఎవరిది? పెన్నుల సంచి? ఇవి విడివిడిగా పేరు పెట్టి రాయించండి. "స్టేషనరీ మాది, సంచులు మీవి" అని ఒక్క వాక్యం రాసుకుంటే రెండేళ్లలో మళ్లీ ఇక్కడికే వస్తారు.

#47 దారపుఉండ
అలాగే వాళ్లు క్లాస్ 16 దరఖాస్తును కాగితం మీద వదులుకోవాలి, అధికారికంగా. అది రిజిస్టర్‌లో కనిపించాకే మీ అభ్యంతరం వెనక్కి. ముందు మీరు తీసుకుని తర్వాత వాళ్లు తీసుకుంటారనే మాట వద్దు.

#48 లెక్కలపద్దు
ఇప్పటిదాకా పేరు మీద జరిగిన మీ వకీలు ఖర్చు కూడా అడగండి. ఇస్తారో లేదో, అడగడానికేం.

#49 రాత్రిపాళీ
ఆ సైటులో ఫిర్యాదు వెనక్కి తీసుకోవడం కూడా రాయించండి. ఫిర్యాదు పెట్టినవాళ్లే ఉపసంహరించుకుంటే మిగతా సగం సరుకు త్వరగా తిరిగొస్తుంది. ఇకపై ఒకరి సరుకు మీద ఒకరు ఫిర్యాదు పెట్టే ముందు పదిహేను రోజుల నోటీసు ఇవ్వాలని కూడా.

#50 కాగితంపడవ
తోలు అట్ట డైరీ సంగతి మాకు తట్టనేలేదు, మా అమ్మకాల్లో అదే ఎక్కువ. సోమవారం మా వకీలు వాళ్ల వకీలుతో మాట్లాడతారు. #46, #47, #49 యథాతథంగా ఆయనకు పంపించాను.

#51 సబ్బుబిళ్ల
పనిలో పనిగా నా కొత్త పేరు కూడా ఎవరైనా చూసి పెట్టండి. కల్పిత మాటే, దరఖాస్తు ఇంకా వేయలేదు. వెతికితే క్లాస్ 3లో ఏమీ రాలేదు.

#52 చుక్కలగీత
అచ్చంగా అదే పేరు వెతికి ఊరుకోకండి, పలికితే అలాగే వినిపించేవి కూడా వెతకండి. మందుల తరగతి 5లో, అమ్మకాల సేవల 35లో కూడా చూడండి. పేరు మాత్రం దరఖాస్తు వేసేదాకా ఇక్కడ రాయకండి.